మైకు ఎవరి చేతిలో నున్నది?

వార్తలు వినుట మన యిండ్లలో వంటతో కలిసి జరుగు పని. పొయ్యిమీద పప్పు ఉడుకుచుండును, ముందుగదిలో టీవీ మాటలాడుచుండును. విన్నది నిజమా అబద్ధమా యని యప్పుడప్పుడు మనలో మనము తర్కించుకొందుము. కాని అక్కడ మాటలాడనివా రెవరు, వారి నెందుకు పిలువలేదు, అని మాత్రము మన మడుగుట యరుదు.

మాది మొయినాబాదు మండలములోని సురంగల్. హైదరాబాదునకు దగ్గఱ, కూరగాయలు, పూలు పండు నేలలు. 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరమును, 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరమును కాపాడుటకై 1996లో ప్రభుత్వము 111వ సంఖ్య ఉత్తరువును వెలువరించినది మొదలు మా ప్రాంతము పేరు వార్తలలో మాటిమాటికి వినవచ్చుచున్నది. ఆ యుత్తరు వుండవలెనా, తీసివేయవలెనా యను చర్చలు నేనెన్నో వింటిని. అందు నాయకులు మాటలాడుదురు. భూములమ్మువారు మాటలాడుదురు. చెఱువులనుగూర్చి చదువుకొన్నవారు మాటలాడుదురు. తెల్లవాఱకమునుపే చేమంతితోటలో నడుము వంచి పూలు కోయు ఆడది ఆ తెరమీద మాటలాడగా నే నొక్కమాఱును చూడలేదు. ఎకరము ధర చెప్పువారు పదిమంది. దినకూలి యెంతయో చెప్పువారు లేరు. ఆ పదిమందియు నిజమే చెప్పియుండవచ్చును. అయినను మా యూరి కథ సగమే బయటికి వచ్చినది.

పక్షపాత మనగా అబద్ధమాడుట యని మనము తలచెదము. అది కేవలము ఎచ్చట నిలుచుండి చూచుచున్నా మనుదానిలోనే యుండవచ్చునని నాకు తోపించినవారు పి. వి. సతీష్‌గారు. ఆయన 1945లో మైసూరులో జన్మించిరి. దూరదర్శన్‌లో కార్యక్రమ నిర్మాతగా చిరకాలము పనిచేసిరి. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరముపాటు, అమెరికావారి యుపగ్రహముతో మన దేశమున ఆఱు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు టీవీ ప్రసారములు పంపు ప్రయోగ మొకటి జరిగినది. నాటి ఆంధ్రప్రదేశ్ కూడ నందొకటి. సేద్యము, ఆరోగ్యము, పిల్లల చదువు మొదలైన వానిపై దానికి కార్యక్రమములు తయారుచేసినవారిలో సతీష్‌గారును ఉండిరి. ఉద్దేశము మంచిదే. కాని యా యుపగ్రహము గ్రామమునకు చెప్పగలదే గాని, గ్రామము తిరిగి దానికేమియు చెప్పలేదు. రైతునకు సేద్యము నేర్పు మాట ఆకాశమునుండి దిగుచుండెను. రైతుభార్య యెఱిగిన విత్తనపు మర్మము ఆమె కొంగుముడిలోనే యుండిపోయెను.

సతీష్‌గారు తమ స్నేహితులతో కలిసి 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యను సంస్థను స్థాపించిరి. అది పనిచేయుచోటు జహీరాబాదు ప్రక్కనున్న పస్తాపూరు. మాకు వాయవ్యముగా, ముంబయి రాజమార్గముమీద నున్న సీమ యది. అప్పుడు మెదకు జిల్లా, 2016 నుండి సంగారెడ్డి జిల్లా. వానకై ఎదురుచూచు మెట్టనేలలు. అచ్చటి దళిత స్త్రీలకు ఎకరమో రెండెకరములో భూమి యున్నను, దున్నుటకు ఎడ్లు లేక, చల్లుటకు విత్తనము లేక బీడు పడియుండెడిది. భూమి గలవారే యితరుల చేలకు కూలికి పోయెడివారు.

ఇచ్చట జరిగిన ధర్మకార్యమును కొంచెము వివరముగా చెప్పవలెను, ఏలయన దానిలో బిచ్చము లేదు. 1990ల నడుమ సంఘముల స్త్రీలు బీడు దున్నుకొనుటకు అప్పు తీసికొనిరి. ఆ యప్పును రూకలతో గాక జొన్నలతో తీర్చవలెను. తీర్చిన జొన్నలు పట్టణమునకు పోవు. ఆ యూరిలోనే పాతరలలో నిలువయుండును. పనులు లేని నెలలలో వానిని తక్కువ ధరకు బీదలకు అమ్ముదురు. ఎవరు బీద? ఈ ప్రశ్నకు కచేరీలో కూర్చున్న గుమాస్తా జవాబు చెప్పలేదు. ఊరివారందఱును చేరి, నేలమీద ఊరి పటము గీసి, ఇల్లిల్లు గుర్తుపెట్టి, ఎవరి యింట ఆకలి యెంతయో బహిరంగముగా నిర్ణయించుకొనిరి. మన యిండ్లలో బియ్యపు డబ్బా అడుగు పొరుగింటివారికి కనబడకుండ దాచుకొనుట మర్యాద. ఆ స్త్రీలు ఆ మర్యాదను ప్రక్కకు నెట్టిరి. అంతటి సాహసము నాకున్నదా యని నేను పలుమాఱులు ఆలోచించుకొన్నాను.

కిలో రెండు రూపాయల బియ్యపు పథకము ఆంధ్రప్రదేశ్‌లో మొదలైనదియు ఆ 1983వ సంవత్సరమే. ఆకలిగొన్న వారికి అది మేలే చేసినది, కాదనుట న్యాయము గాదు. అయితే ఎచ్చటనో మాగాణులలో పండిన బియ్యము చౌకగా వచ్చుటతో మెట్టనేలల జొన్న, సజ్జ, కొఱ్ఱ, సామలకు అడుగువారు లేకపోయిరి. వరియన్నము తినుట గౌరవమనియు, జొన్నరొట్టె బీదతనపు గుర్తనియు మనము కూడ నమ్మితిమి. పత్రికలును, టీవీయు ఆ నమ్మకమునకు నీరుపోసినవే గాని ప్రశ్నించినవి తక్కువ.

ఇక కెమేరా సంగతి. 1990ల చివర నుండి పస్తాపూరు సంస్థ సంఘస్త్రీలకు వీడియో తీయుట నేర్పినది. వారిలో బడి మొగ మెఱుగనివారు పలువురు. కెమేరాను ఏ యెత్తున పట్టవలెనో చెప్పుటకు ఇంగ్లీషు మాటలు వారికి పనికిరాలేదు; తమ పేర్లు తామే పెట్టుకొనిరి. పైనుండి క్రిందికి చూచునది పటేల్ షాట్. దొర గుఱ్ఱముమీదనుండియో, అరుగుమీదనుండియో కూలివానిని చూచునట్లు. క్రిందినుండి తలయెత్తి చూచునది బానిస చూపు. కన్నులకు సమానముగా, ఒకే చాపమీద కూర్చుండి మాటలాడుకొన్నట్లు చూచునది సంఘం షాట్. తాము సంఘం షాట్ తీయుదు మని నిశ్చయించుకొనిరి. ఈ మూడు పేర్లు విన్నది మొదలు నేను టీవీని వెనుకటివలె చూడలేకున్నాను. వరదలు వచ్చినప్పుడు పొట్లములకై చేతులు చాచినవారిని ఏ యెత్తునుండి చూపుచున్నారో, మఱునాడు వారిని పరామర్శింప వచ్చిన పెద్దమనుష్యుని ఏ యెత్తునుండి చూపుచున్నారో మీరును గమనింపుడు.

బీటీ పత్తికి మన దేశమున అనుమతి వచ్చినది 2002లో. ఆ విత్తనమును గూర్చిన పొగడ్తలు ప్రకటనలలో నిండియుండగా, ఈ స్త్రీలు కెమేరా పట్టుకొని వరంగల్ రైతులయొద్దకు పోయిరి. ఒక్కదినము పోయి వచ్చుట గాదు. పంటకాల మంతయు మరల మరల పోయి, అవే చేలను, అవే మనుష్యులను చూచి చిత్రము తీసిరి. విలేకరులకు అంత తీరిక యెక్కడిది? విత్తు చల్లిననాటి ఆశను, పత్తి తూచిననాటి మొగమును ఒకే మనుష్యునియందు చూడవలెనన్న పంటకాల మంతయు కనిపెట్టుకొని యుండవలసినదే.

రేడియో కథ ఇంకను చిత్రమైనది. యునెస్కో సాయముతో 1998 ప్రాంతమున మాచునూరు గ్రామమున రేడియోకు కావలసిన పరికరములు అమరినవి. కాని ప్రసారము చేయుటకు లైసెన్సు లేదు. పదియేండ్లు ఆ స్త్రీలు కార్యక్రమములను రికార్డుచేసి, టేపులు సంఘముల కూటములకు మోసికొనిపోయి వినిపించిరి. ఈలోగా 1995 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు, ఆకాశ తరంగములు ప్రజల సొత్తని తీర్పు చెప్పియుండెను. ఆ వ్యాజ్యము పుట్టినది క్రికెట్ ఆటల ప్రసారపు తగవునుండి! మగవారి ఆటల పోట్లాట ఆడువారికి మేలుచేసిన సందర్భములు చాల లేవు గనుక దీనిని గుర్తుంచుకొనవచ్చును. 2006లో ప్రభుత్వము నియమములు మార్చి స్వచ్ఛంద సంస్థలకును సముదాయ రేడియో పెట్టుకొను వీలు కల్పించినది. 2008 అక్టోబరు 15వ తేదీన సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్‌జ్ మీద పలికెను. ప్రారంభించినవారు ఆ తీర్పు నిచ్చిన న్యాయమూర్తులలో నొకరైన పి. బి. సావంత్‌గారే. నడుపువా రిద్దఱును నర్సమ్మలు: ఒకామె అల్గోల్ నర్సమ్మ, ఒకామె జనరల్ నర్సమ్మ. మాటలు వారి యాసలోనే. పాతికమైళ్లు కూడ పోని ఆ ధ్వని మా సురంగల్‌కు అందదు. దాని కార్యక్రమములను నేను రికార్డులలో వింటిని. విత్తనము దాచు తీరు, పసిబిడ్డకు జ్వరము వచ్చినప్పుడు చేయవలసినది, పొలము పాటలు, పండుగల ముచ్చట్లు. హైదరాబాదు టీవీలో మా యాస పలికినవారు చాలకాలము హాస్యపాత్రలే. ఇచ్చట ఆ యాస పాఠము చెప్పుచున్నది.

మఱి వీరికి మాత్రము పక్షపాతము లేదా? ఉన్నది. చిరుధాన్యముల పక్షము, ఎరువు మందులకు ఎదురు పక్షము, భూమి తక్కువగల ఆడదాని పక్షము. బీటీ పత్తివలన లాభపడితి మనిన రైతులును గలరు. వారి మాట వినవలె ననుకొన్నవారు వేఱొకచోట వినవలసినదే. నేను దీనిని దోష మనను. వీరు తమ పక్షమేదో గుమ్మమునందే చెప్పి లోనికి పిలుచుచున్నారు. అన్ని పక్షములను సమముగా చూపుచున్నా మని చెప్పుచు పటేల్ షాట్ తీయువారితోనే నాకు పేచీ.

ఒక విషయము మాత్రము నాకు మింగుడుపడదు. మన దేశమున సముదాయ రేడియోలు సొంతముగా వార్తలు చెప్పరాదు. ఆకాశవాణి వార్తలను యథాతథముగా తిరిగి వినిపించుటకే అనుమతి. పంటనుగూర్చి పాడవచ్చును గాని, పంట పోయినదని వార్తగా చెప్పరాదు! ఇరువదినాలుగు గంటలును వార్తలే చెప్పు టీవీలు ఎన్నో యుండగా, మాచునూరు స్త్రీల నోట వార్త వచ్చిన ప్రమాదమేమో తెలిసినవారు చెప్పవలెను.

ప్రతి యేటను సంక్రాంతికి మొదలై నెలదినములు ఊరూర తిరుగు పాత పంటల జాతరను ఆ స్త్రీలు జరుపుదురు. ముగింపునాడు మాచునూరుకు నేనొకమాఱు వెళ్లితిని. అలంకరించిన ఎడ్లబండ్లమీద కుండలలోను బుట్టలలోను విత్తనములు వచ్చినవి. వేదికమీద పెద్దలు కొందఱు కూర్చుండిరి, కాని కెమేరా పట్టినవారు వెన్ను వారివైపు పెట్టి, నేలమీద కూర్చున్న ముసలమ్మల మొగములనే తీయుచుండిరి. ఆ చీరకొంగులను నడుమునకు దోపుకొన్న తీరు చూచి నాకు నవ్వును, గర్వమును ఒక్కమాఱే కలిగెను. సతీష్‌గారు 2023 మార్చి 19న కన్నుమూసిరి.

మొన్న మా తోటకు పూలు కోయవచ్చిన ఒకామెను, "నీ చేతికి మైకిచ్చిన ఏమి చెప్పుదువు?" అని యడిగితిని. ఆమె మొదట నవ్వి, "మాకేమెర్క అమ్మా, సదువుకున్నోళ్లు చెప్పాలె గాని" అనెను. నేనేమియు మాటాడక బుట్ట పట్టుకొని కూర్చుంటిని. కొంతసేపటికి తానే, "పొద్దుగాల నాలుగింటికి బస్సు లేదు, అది చెప్త" అనెను. తరువాత ఆటోవాడు తీసికొను కిరాయి, తోటలో మఱుగు లేకపోవుటచే మధ్యాహ్నము వఱకు దాహమైనను నీరు త్రాగకుండుట, కూలి రేటు మగవారి కొకటి తమకొకటి యగుట, బిడ్డ పెండ్లికి తెచ్చిన అప్పు, పువ్వు కోసినకొలది నల్లబడు వ్రేళ్లు. ఆటో వచ్చి హారను మ్రోగించు వఱకు ఆమె ఆపలేదు.