కుండీలోని కొబ్బరిమొక్క

ఉద్దానంలో పుట్టినవాడిని. తోట అనగానే నాకు కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లే కళ్లముందు నిలుస్తాయి. ఉద్యానమనే మాటే జనుల నోట ఉద్దానమయిందని పెద్దలు చెప్పేవారు.

ఉద్యోగ విరమణానంతరం విజయనగరంలో స్థిరపడ్డాను. మా వీధి చివరి ఖాళీ స్థలం చెత్తతో, ముళ్లకంపలతో నిండి ఉండేది. యజమాని అనుమతితో పది ఇళ్లవారము కలిసి బాగుచేసి ఆనప, బీర పాదులు, తోటకూర మడులు వేశాము. కాయలకన్న మిన్నయైన ఫలం మరొకటి దక్కింది. ఏళ్ల తరబడి పలకరింపులు లేని రెండిళ్లవారు మడులకు నీళ్లు పెడుతూ మాట కలిపారు.

అయితే వేసవిలో నీళ్లు మోసే వంతు వచ్చేసరికి పది ఇళ్లు మూడయ్యాయి. పండిన కూర వారానికి రెండు పూటలకు సరిపోయేది, బజారు తప్పలేదు.

ఒకనాడు నేనొక కొబ్బరిమొక్క తెచ్చాను. ఎదురింటి ముసలమ్మ చూసి, "మాస్టారూ, అది కాపుకొచ్చేదాకా ఈ జాగా మనకుంటాదేటి?" అన్నది. మారు పలకలేకపోయాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు ఉద్దానం తోటలు నేలకూలాయి. అయినా మావాళ్లు మళ్లీ నాటారు, నేల తమది గనుక. పరుల నేలలో పాదు పెట్టవచ్చు, స్నేహమూ పెంచవచ్చు. మనుమల కోసం చెట్టు నాటాలంటే మాత్రం వీధికి తనదంటూ కొంత నేల ఉండాలి.

ఆ మొక్క నేటికీ మా వసారాలో, కుండీలోనే ఉన్నది.