బక్రీద్ మేక తోక, తీర్థన్ నది చేప

ట్రౌట్ అనే చేప మన దగ్గర బతకదు. మూసీలో బతకదు, మంజీరలో బతకదు, కృష్ణలో అసలే బతకదు. దానికి మంచు కరిగి వచ్చే నీరు కావాలి. ఆ నీరు రాళ్లకు కొట్టుకుంటూ, నురగలు కక్కుతూ పారాలి, అప్పుడే అందులో దానికి సరిపడా ఆక్సిజన్ ఉంటుంది. నీటి వేడి 20 డిగ్రీలు దాటిందంటే దానికి తక్లీఫ్ మొదలైనట్టే. అలాంటి చేపను పట్టే షౌక్ మధురానగర్‌లో, మెట్రో పట్టాల కింద బతికే మాకెందుకు పట్టుకుందని అమీర్‌పేట దోస్తులు అడుగుతుంటారు. ఈ మధ్య బంధువుల ఇళ్లల్లో పిల్లలు కూడా అడుగుతున్నారు, వాళ్లు మాత్రం నేర్చుకుందామని. వాళ్ల కోసమే ఇది.

మా ఇంట్లో మచ్లీ షికార్ కొత్తది కాదు. అబ్బా నల్లగొండ వైపు పల్లెలో పెరిగాడు. ఊరి చెరువులో కొర్రమీను పట్టడంలో ఆయన చేతికి బర్కత్ ఉందనేవారు. వెదురు కర్ర, దారం, గాలం, గాలానికి బతికున్న కప్ప. అంతే సామాను. తామరాకుల మధ్య కప్పను అలా అలా ఆడిస్తుంటే కొర్రమీను నీళ్లు చీల్చుకుని వచ్చేది. కానీ ఆయనకొక ఉసూల్ ఉండేది. కొర్రమీను పిల్లలు పెట్టాక ఆ పిల్లల గుంపు ఎర్రగా నీటి పైన తిరుగుతుంటుంది, తల్లీతండ్రీ కింద కాపలా ఉంటాయి. ఆ టైములో ఎర వేస్తే అవి ఆకలి లేకపోయినా కోపంతో కొట్టి దొరికిపోతాయి. తేలిగ్గా దొరికే రోజులవే. ఆ రోజుల్లో అబ్బా చెరువు వైపే వెళ్లేవాడు కాదు. ఇప్పుడు ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్లు. మోకాళ్లు సాగవు. మాటలు కూడా తగ్గిపోయాయి. రోజంతా బాల్కనీలో కూచుని మెట్రోలు లెక్కపెడతాడు. చేపల సంగతి ఎత్తితే మాత్రం కళ్లల్లో రోష్నీ వస్తుంది.

డెన్వర్‌లో నౌకరీ చేసే మా భాంజా మూడేళ్ల కింద సెలవుకొచ్చినప్పుడు ఒక రాడ్డు, ఒక రీలు, చిన్న డబ్బా నిండా ఈకల బొమ్మలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఫ్లై ఫిషింగ్ అన్నాడు. మామూలు గాలంలో బరువు ఎరకో సీసపు గుండుకో ఉంటుంది, అది దారాన్ని లాక్కుంటూ వెళ్తుంది. ఇక్కడ ఎరకు దాదాపు బరువే ఉండదు. బరువంతా దారంలో ఉంటుంది. లావుగా, పూత పూసినట్టుండే ఆ దారాన్ని కొరడాలా వెనక్కీ ముందుకీ విసిరితే, అది ఈకల బొమ్మను మోసుకుపోతుంది. ఎక్కువమంది నీటిపైన వాలే దోమ, ఈగ లాంటి ఫ్లైలతో మొదలుపెడతారట. వాడు నాకు స్ట్రీమర్‌తో మొదలుపెట్టించాడు. స్ట్రీమర్ అంటే పురుగు కాదు, చిన్న చేపలా కనిపించేది. నీటి లోపల ఈదుతున్నట్టు లాగాలి. పెద్ద ట్రౌట్, ముఖ్యంగా బ్రౌన్ ట్రౌట్, ఒక సైజు దాటాక చిన్న చేపల మీదే పడుతుంది. ఆ లెక్కన చూస్తే కొర్రమీనూ ఇదీ దూరపు రిష్తేదార్లే.

సామాను గురించి ఎక్కువ పరేషాన్ కావద్దు. తొమ్మిదడుగుల రాడ్డు, ఆరో నంబరు బరువుది చాలు. ఐదో నంబరు మీ దగ్గరుంటే దాంతోనూ చిన్న స్ట్రీమర్లు వేయొచ్చు. తేలే దారంతోనే మొదలుపెట్టండి. కొస మాత్రం మునిగే దారం ఒకటి ఉంటుంది, సింక్ టిప్ అంటారు, లోతు మడుగులకు అది పనికొస్తుంది కానీ మొదటి ఏడాది దాని మీద పైసలు పెట్టక్కర్లేదు. చివరన కట్టే సన్న తీగ మాత్రం పొట్టిగా, గట్టిగా ఉండాలి. స్ట్రీమర్‌ను ట్రౌట్ ముక్కుతో వాసన చూసి తినదు, గుద్దుతుంది. ఫ్లైలలో ఊలీ బగ్గర్ ఒక్కటి ఉన్నా సరిపోతుంది. 1967లో పెన్సిల్వేనియాలో రస్సెల్ బ్లెస్సింగ్ అనే ఆయన కట్టింది. తోకకు మెత్తటి ఈక, ఒంటికి నూలు, చుట్టూ కోడి మెడ ఈక. నీళ్లల్లో అది చేప కావొచ్చు, జలగ కావొచ్చు, రొయ్య కావొచ్చు. ఏమనుకోవాలో ట్రౌట్‌కే వదిలేస్తుంది.

ఇక విసరడం. మధురానగర్ మేడల మీద ఈ పని చేయొద్దు. ఎటు చూసినా కేబుళ్లు, కరెంటు తీగలు. ఈ రాడ్డు గ్రాఫైటుది, కరెంటును బాగా పట్టుకుంటుంది. నేను ఫజర్ నమాజయ్యాక ఖాళీ మైదానం వెతుక్కుని వెళ్లేవాణ్ణి, దారం చివర గాలం బదులు ఎర్ర ఊలు ముక్క కట్టుకుని. యూసఫ్‌గూడ వైపు వాకింగ్‌కొచ్చే పెద్దాయనొకరు మూడు రోజులు చూసి, "మియా, గాలిపటం ఏదీ?" అన్నాడు. రాడ్డును వెనక్కి తీసుకెళ్లి ఒక్క క్షణం ఆగాలి, దారం వెనక పూర్తిగా చాచుకునేదాకా. ఆ ఆగడమే అసలు హునర్. స్ట్రీమర్ బరువుగా ఉంటుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ ఆగాలి, విసురు కూడా కాస్త వెడల్పుగా రావాలి. లేకపోతే ఆ గాలం చెవి పక్కనుంచే పోతుంది. కళ్లద్దాలు, టోపీ లేకుండా గాలం ఎప్పుడూ కట్టకండి.

విసరడం కన్నా లాగడం ముఖ్యం. కుడి చేతి చూపుడు వేలి కింద దారాన్ని ఆన్చి, వెనకనుంచి ఎడమ చేత్తో జానెడు జానెడు లాగాలి. లాగు, ఆపు, రెండుసార్లు గబగబా లాగు, మళ్లీ ఆపు. దెబ్బ తగిలిన చిన్న చేప ఎలా ఈదుతుందో అలా. ఎక్కువసార్లు ట్రౌట్ కొట్టేది ఆపినప్పుడే. నీళ్లు బాగా చల్లగా ఉంటే నెమ్మదిగా, కాస్త వెచ్చబడ్డాక వేగంగా. చేప కొట్టగానే మన గాలంవాళ్లకు చెయ్యి దానంతటదే కర్రను పైకెత్తుతుంది. ఇక్కడ ఎత్తకూడదు. రాడ్డు కొస నీటివైపే ఉంచి, ఎడమ చేత్తో దారాన్ని గట్టిగా ఒక్క గుంజు గుంజాలి. రాడ్డు ఎత్తితే ఫ్లై చేప ముందునుంచి ఎగిరిపోతుంది. గుంజితే, మొదటిసారి తగలకపోయినా ఫ్లై అక్కడే ఉంటుంది, అది తిరిగొచ్చి మళ్లీ కొడుతుంది. ఈ సంగతి బాల్కనీలో అబ్బాకు చెప్తే, చాలాసేపు ఆలోచించి, తన ఎడమ చేతిని గాల్లో రెండుసార్లు గుంజి చూసుకున్నాడు.

ఫ్లైలు కట్టే పని అమ్మీది. అమ్మీ నలభై ఏళ్లు కార్చోబ్ మీద జర్దోజీ పని చేసింది. పాతబస్తీ దుకాణాలకు పెళ్లి జోడాలు కుట్టింది. ఇప్పుడు చూపు మందగించి ఆ పని మానేసింది. భాంజా తెచ్చిన చిన్న వైస్‌లో గాలం బిగించి చూపిస్తే, "ఇంత చిన్న కార్చోబా!" అంది. రెండు రోజుల్లో నాకన్నా గట్టి ముడి వేసింది. ఒంటికి మెరుపు కావాలంటే జరీ తీగ, తలకు బరువు కావాలంటే మగ్గం పనిలో వాడే ఇత్తడి పూస, మెడ ఈకలు చికెన్ దుకాణంలో నాటు కోడివి, ముఫ్త్‌గానే. విదేశాల్లో జింక తోక వెంట్రుకలు వాడేచోట మేం బక్రీద్ మేక తోక వాడాం. ఖుర్బానీ తోలు ఎప్పటిలాగే మదరసాకు పోయింది, తోక మాత్రం ఉప్పు రాసి ఎండబెట్టి అమ్మీ దాచింది. ఆ వెంట్రుకలు నీళ్లల్లో బాగా ఊగుతాయి. బకెట్లో ముంచి లాగి చూస్తే నిజంగా బతికున్నట్టే ఉంది.

ఇదంతా సాగుతుండగానే అబ్బా ఒకరోజు అడిగాడు. భాంజా వీడియో కాల్‌లో పెద్ద ట్రౌట్‌ను చూపించి మళ్లీ నీళ్లల్లో వదిలేశాడు. "ఖాతే నై తో పకడ్తే కైకు?" అన్నాడు అబ్బా. తిననప్పుడు పట్టడమెందుకని. వాడు ఓపికగా చెప్పాడు. అక్కడ పట్టేవాళ్లు వేలమంది, అందరూ తింటే నది ఖాళీ అవుతుంది, వదిలేయడమే నదికి మేలు అని. అబ్బా వినలేదు. దాని జాన్‌తో ఆడుకుని వదిలేయడం మేలెట్లా అవుతుందన్నాడు. రూహ్ ఉన్న దేన్నీ నిశానాగా పెట్టుకోవద్దని హదీస్‌లో ఉన్న మాట గుర్తు చేశాడు. ఇద్దరి మాటా కొట్టిపారేసేది కాదు. చేప హలాలే, జిబహ్ కూడా అక్కర్లేదు, తినడానికి పట్టడంలో ఏ ఇబ్బందీ లేదు. ఖేల్ కోసం పట్టి వదలడం మీద మాత్రం నాకిప్పటికీ పూర్తి ఇత్మినాన్ లేదు. నేను పెట్టుకున్న కాయిదా చెప్తాను, మీది మీరు చూసుకోండి. ఇంటికి సరిపడా, పర్మిట్‌లో రాసినంతకు లోబడి పడతాను. అది దొరకగానే రాడ్డు మడిచేస్తాను, ఇంకా ఎన్ని ఎగురుతున్నా సరే. చిన్నవి పడితే వదలాలి కాబట్టి, గాలం కొనకు వెనక్కి తిరిగి ఉండే ముల్లును ప్లయర్‌తో నొక్కేస్తాను. అలా చేస్తే గాలం సుతారంగా ఊడి వస్తుంది. చేపను ముట్టుకునే ముందు చేతులు తడుపుకోవాలి, పొడి చేయి దాని ఒంటి మీది జిగురును తుడిచేస్తుంది.

పోయిన అక్టోబరులో భాంజా, నేను హిమాచల్ వెళ్లాం. ఢిల్లీనుంచి మనాలీ బస్సెక్కి, ఔట్ దగ్గర సొరంగానికి ముందే దిగి, బంజార్ మీదుగా గుషైనీ. తీర్థన్ నది ఆ ఊరి మధ్యనుంచి పోతుంది. కిందికెళ్లి లార్జీ దగ్గర బియాస్‌లో కలుస్తుంది. బ్రౌన్ ట్రౌట్ ఈ దేశపుది కాదు. ఇంగ్లీషువాళ్లు 1900 ప్రాంతంలో కశ్మీర్‌కు తెచ్చారు. అక్కడి గుడ్లతో 1909లో కులూ లోయలో, మహిలీ అనే చోట, హోవెల్ అనే అధికారి పిల్లల్ని పొదిగించాడు. తీర్థన్ మీద జలవిద్యుత్ ప్రాజెక్టులు రాకుండా మాజీ ఎమ్మెల్యే దిలేరాం షబాబ్ పోరాడాడు. అందుకే ఆ నీరు ఇంకా నదిలా పారుతోంది. పేరులో ఆ ఉర్దూ మాట చూసి నాకెందుకో సంతోషమేసింది.

మత్స్యశాఖ పర్మిట్ తీసుకోకుండా నీళ్లల్లో కాలు పెట్టకండి. అక్కడ నవంబరు 1నుంచి ఫిబ్రవరి ఆఖరుదాకా ట్రౌట్ పట్టడం బంద్. అది గుడ్లు పెట్టే కాలం. ఫోన్‌లో ఈ మాట చెప్తే అబ్బా మొదటిసారి సర్కారును మెచ్చుకున్నాడు.

మొదటి రోజు ఏమీ పడలేదు. రెండో రోజు ఫజర్ అయ్యాక, ఇంకా ఎండ నీటి మీద పడకముందు, మోకాలి లోతులో నిలబడ్డాం. రాళ్లు సబ్బులా జారతాయి, చేతికర్ర తప్పనిసరి. అవతలి ఒడ్డు వైపు, కొంచెం దిగువకు విసిరి, మూడంకెలు లెక్కపెట్టి ఫ్లైని మునగనిచ్చి, లాగాలి. ప్రతి విసురుకూ రెండడుగులు కిందికి జరగాలి, ఒకే చోట పాతుకుపోతే లాభం లేదు. పెద్ద బండ వెనక నీరు నెమ్మదించే చోట, ఒడ్డు కింద గుల్లగా ఉండే చోట ఎక్కువ ఆశ పెట్టుకోవచ్చు. అమ్మీ కట్టిన తెల్ల మేక వెంట్రుకల ఫ్లై ఒక బండ పక్కనుంచి వస్తూ ఆగింది. ఎడమ చేతికి కరెంటు కొట్టినట్టయింది. గుంజాను.

మూరెడుకు కాస్త తక్కువ. బంగారు ఒంటి మీద ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ లేత వలయం, అమ్మీ జోడాల మీద కుట్టే బూటీల్లా. మధ్యాహ్నానికి ఇంకొకటి. మా ఇద్దరికీ, మేం దిగిన ఇంటివాళ్లకూ సరిపోతాయనిపించి రాడ్డు మడిచేశాను. భాంజా ఇంకా గంట ఆడాడు, పట్టినవి వదిలాడు. నేనేమీ అనలేదు.

నెట్‌వర్క్ దొరికాక అబ్బాకు వీడియో కాల్ చేశాను. చేపను చూసి ఆయన బాగుందనలేదు, ఎంత బరువనీ అడగలేదు. "పేట్ మే క్యా హై?" అన్నాడు. చెరువు రోజుల్లో మొదటి కొర్రమీను పొట్ట చూశాకే రెండోసారికి ఎర ఎంచుకునేవాడట. ఫోన్ బండకానించి, ఆయన చూస్తుండగానే కోశాను. నల్లటి పురుగులు కొన్ని, వాటి మధ్య చిటికెన వేలంత చేపపిల్ల, సగం అరిగింది. వీపు బూడిద రంగు, కడుపు తెలుపు. అబ్బా ఫోన్‌ను అమ్మీకిచ్చి చూడమన్నాడు. అమ్మీ కళ్లద్దాలు పెట్టుకుని, ఇంకా దగ్గరికి తెమ్మని, "పైన తెల్లది కాదు బేటా, పైన సుర్మయీ, కింద తెలుపు. అట్లా కడతాను" అంది.

మార్చిలో మళ్లీ నది తెరుచుకుంటుంది. తెల్ల తోక సగం ఇంకా డబ్బాలో ఉంది. సుర్మయీ రంగు కోసం, వచ్చే బక్రీద్‌కు మేకను కొనేటప్పుడు పళ్లతోపాటు తోక కూడా చూడమని అబ్బా ఇప్పటినుంచే చెప్తున్నాడు.