అరవై నిమిషాల కానుక

సంవత్సరాంతంలో మిత్రునికి ఇవ్వదగిన కానుక ఒకప్పుడు అరవై నిమిషాల క్యాసెట్టు. ఒక్కొక్క వైపు ముప్పై నిమిషాలు. పాట సుమారు ఐదు నిమిషాలనుకుంటే రెండు వైపులా కలిపి పన్నెండు పాటలకే చోటు. ఏడాది పొడుగునా మనసుకు నచ్చినవి ఏ నలభయ్యో ఉంటాయి. చిక్కంతా అక్కడే.

1989 సంగతే చూడండి. ఆ యేడు వచ్చిన ‘గీతాంజలి’, ‘శివ’ చిత్రాలు రెండింటికీ ఇళయరాజాయే సంగీత దర్శకుడు. ‘గీతాంజలి’లో వేటూరి రాసిన పాట ఒక్కటైనా విడువరాదని ఒక మిత్రుడంటే, ఉరకలెత్తే ‘శివ’ పాట లేనిదే క్యాసెట్టెందుకని మరొకడు. ఒకటి చేర్చాలంటే ఇంకొకటి తీసివేయాలి. మిత్రుని అభిరుచి కోసం తనకు ప్రాణమైన పాటను వదులుకున్నవాడు ఆ మాట పైకి చెప్పేవాడు కాడు. ఇక పాటల పేర్లు చీటీపై రాసి రికార్డింగు దుకాణంలో ఇచ్చి, రెండు మూడు రోజులు ఎదురుచూడటం వేరొక ముచ్చట.

నేడు సెల్‌ఫోనులో నూరు పాటలను లిప్తకాలంలో ఖండాంతరాలకు సైతం పంపవచ్చు. అది గొప్ప సౌకర్యమే. అయితే “విన్నావా?” అని అడిగితే, “వింటాలే” అనే సమాధానమే తరచుగా వస్తుంది.

క్యాసెట్టు అందుకున్నవాడు మరునాడే వచ్చి నిలదీసేవాడు, మొదటి వైపు ఆఖరి పాట చరణం మధ్యలో తెగిపోయిందేమని! టేపు చాలలేదు మరి. ఆ మిగిలిన చరణాన్ని ఇచ్చినవాడే, శ్రుతి కుదిరినా కుదరకపోయినా, పాడి వినిపించేవాడు.