అండమానునకు ఏ కార్తెలో పోవలెను?

దూరప్రయాణము సంకల్పించినపుడు మగవారు సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుదురు: ఎట్లు పోవలెను, ఎంత వ్యయమగును? సంసారము నడపు స్త్రీలకు వీనికంటె ముందు మఱియొక ప్రశ్న కలదు: ఎప్పుడు? ఆవకాయ పెట్టకుండ పోగలమా, పిల్లల పరీక్షలేమగును, గేదె ఈనుట యెప్పుడు, ఇంటికి రాదలచిన చుట్టములెవరు, ఇవన్నియు తేలినగాని మన కాలు గడప దాటదు. పోవలసిన చోటు సముద్రము నడుమనున్న దీవి యైనచో, ఇంటి వేళకు తోడు సముద్రపు వేళయు చూడవలసి వచ్చును. ఈ రెండు వేళలను కూర్చుటకు మా యింట రెండేండ్లు పట్టినదనిన సోదరీమణులు నవ్వుదురేమో!

మా ఆడుబిడ్డ అండమానులో కాపురమున్నది. 2024 సెప్టెంబరు వఱకు పోర్టుబ్లేయరని పిలువబడి, ఇపుడు శ్రీవిజయపురమను పేరు గల పట్టణమున ఆమె భర్తకు ఉద్యోగము. వైద్యులు ప్రయాణము వలదనుటచే ఆమె పురిటికి పుట్టింటికి రాలేదు. అక్కడనే ఆడుపిల్ల కలిగినది. ఆ పిల్లకు రెండేండ్లు నిండవచ్చినను మా అత్తగారు దానిని ఫోనులో చూచుటయే గాని ఒడిలో కూర్చుండబెట్టుకొని యెఱుగరు. కూతురు పిలుచుచునే యున్నది. మా అత్తగారు "చూద్దాములే" యనుచునే యున్నారు. ఆ మాటలో నేమున్నదో మా యింటివారికందఱకును తెలియును.

ఆమె పుట్టినిల్లు దివిసీమలో నాగాయలంకకు దిగువనున్న యొక పల్లె. దివిసీమ యనగా కృష్ణ పాయలకును సముద్రమునకును నడుమనున్న దీవియే కదా. ఆమె మా ఉయ్యూరికి కాపురమునకు వచ్చిన ఆఱు నెలలకు, 1977 నవంబరు 19వ తేది శనివారమునాడు ఉప్పెన వచ్చినది. ప్రభుత్వపు లెక్కకు సుమారు 10,000 మంది పోయిరి. అంతకు మిక్కిలి హెచ్చని చెప్పువారును కలరు. మా మామగారు నడుములోతు నీళ్లలో వెదకుచు పోయి, నాలుగవ నాటికి ఒంటరిగా తిరిగివచ్చిరట. తల్లి, తండ్రి, చిన్నతమ్ములిద్దఱు, ఎవరి జాడయు దొరకలేదు. నాటినుండి మా అత్తగారు సముద్రపు ఒడ్డున కాలు పెట్టలేదు. మాఘపౌర్ణమికి హంసలదీవిలో సాగరసంగమ స్నానమునకు వాడకట్టు వారందఱును పోవుచుండగా ఆమె ఇంటికి కావలి యుందురు. అట్టి యామెను సముద్రము మీదుగా కూతురింటికి కొనిపోవలెనన్న, ఏ నెలలో పోవుదుమన్నది వినోదయాత్రికుల ప్రశ్న కాదు.

అందుచే మేము మొదట ఆ దీవుల వానలెట్టివో విచారించితిమి. మనకు కార్తెలు తెలిసినవారికిది సుళువుగా బోధపడును. నైరుతి ఋతుపవనము దేశమున మొట్టమొదట తాకునది ఆ దీవులనే. మనకింకను కృత్తిక కార్తె నడచుచుండగనే, అనగా మే నెల ఇరువదవ తేది ప్రాంతముననే, అక్కడ వాన పట్టును. రోహిణిలో మనకు రోళ్లు పగులు వేళ వారు గొడుగులతో తిరుగుచుందురు. ఆ వాన మృగశిర, ఆర్ద్ర మొదలుగా మన వరికోతల వఱకు విడిచి విడిచి కురియుచునే యుండును. అది తగ్గులోపల ఈశాన్యపు గాలి వానలు వచ్చి పడును. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, అనగా మన కృష్ణాజిల్లా వానకు దాదాపు మూడింతలు. పుష్యము మొదలు చైత్రము వఱకే ఆకాశము తెఱపియిచ్చును. చలియనునది యక్కడ లేనేలేదు గనుక, పెట్టెలో దుప్పట్లు సర్దవలసిన పని లేదు.

ఇక తుఫానుల మాట. బంగాళాఖాతమున వీనికి రెండు కాలములు. ఆశ్వయుజ కార్తిక మార్గశిరములందు పుట్టునవి మనకు బాగుగ పరిచితములు. స్వాతి, విశాఖ కార్తెలనిన పొట్టకట్టిన చేను గల రైతు గుండె దడదడలాడును. రెండవ కాలము వేసవిది. దీనిని పలువురు మఱతురు. కాని 1990 మే 9వ తేదిని మన జిల్లా తీరమును కొట్టినది వేసవి తుఫానే. కనుక బడిసెలవులు వచ్చినవి గదాయని మే నెలలో పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరుట క్షేమమని మేమనుకొనము. తుఫానులు మిక్కిలి అరుదుగా వచ్చునవి ఫిబ్రవరి, మార్చి నెలలు. సముద్రము నిలుకడగా నుండి, దీవి నుండి దీవికి పోవు పడవలు ఆగకుండ నడచుటయు, నీటి యడుగున పగడపు దిబ్బలు అద్దములోవలె కనబడుటయు ఆ దినములలోనే.

సముద్రము తన వేళ చెప్పినది. ఇల్లేమి చెప్పినది? సంక్రాంతికి అల్లుండ్రు వత్తురు, గడప విడుచుటకు వీలులేదు. పైగా ఆ దినములలో విమానపు టిక్కెట్టు ధర వినిన కళ్లు తిరుగును. పుష్యమాఘములు చెఱకు నఱకు దినములు. మాఘశుద్ధ ఏకాదశి మొదలు పదునైదు దినములు మా వీరమ్మతల్లి తిరునాళ్లు. శిడిబండి నాటికి ఉయ్యూరి యాడపడుచు ఎక్కడనున్నను ఊరికి రావలసినదే గాని ఊరు విడుచుట యెక్కడిది! ఏప్రిలులో పిల్లల పరీక్షలు. అవి కాగానే మామిడికాయ, ఆవపిండి. మా మఱది మాత్రము, "వానకాలములో పోయినచో టిక్కెట్టు సగము ధర, బసయు చవుక" యని లెక్క వేసి చూపెను. పగడములు చూడబోయి గదిలో కూర్చుండి చూరునీళ్లు లెక్కించుట చవుకబేరమెట్లగునో మాకు తెలియలేదు. ఒంటరిగాండ్రైన పడుచువాండ్రకు అది సరిపోవునేమో.

తుదకు తిరునాళ్లకును ఉగాదికిని నడుమ, ఫాల్గుణ బహుళమున, పది దినముల సందు చిక్కినది. కాని అపుడు బడులున్నవి. పిల్లలు ఏడవ తరగతి యొకరు, నాలుగవ తరగతి యొకరు. మా వారు క్షణమాలోచించి, "మీరిద్దఱు పోయి రండి, పిల్లలను నేను చూచుకొందును" అనిరి. పరీక్షలు నెలదినములలో నుండగా తల్లి షికారు పోవుచున్నదని పొరుగున కొందఱు ముక్కుపై వ్రేలు వేసికొనిరి. వారి మాట మేము పాటింపలేదు. పిల్లలకు పదిదినములు తండ్రి వండిపెట్టినచో చదువు చెడదు.

పంచాంగము తెప్పించినది మా అత్తగారే. ప్రయాణమునకు అష్టమి నవములు పనికిరావని శాస్త్రము. కాని దీవిలో పుట్టిన మనిషి గనుక ఆమె చూచినది వేఱు. "పౌర్ణమికీ అమావాస్యకీ పోటెక్కువమ్మాయ్. అష్టమి దాటాక నీళ్లు మందగిస్తాయి. సముద్రం దగ్గరకు వెళ్లేది ఆ రోజుల్లో పెట్టుకుందాం" అనిరి. ఏబది యేండ్లకు దగ్గరగా నోట సముద్రమను మాట రానీయని యామె అట్లు అనుటతోనే ప్రయాణము స్థిరపడినదని మేమెఱిగితిమి. మంచి తిథియని పంచమినాడు బయలుదేఱుటకును, సముద్రపు ఒడ్డునకు నవమి దశములలో పోవుటకును ఏర్పాటు చేసికొంటిమి.

విశాఖపట్టణము, చెన్నపట్టణము, కలకత్తాలనుండి ఓడలు కలవు గాని, అవి రెండు మూడు దినములు పట్టును. రాత్రులు నీటిపై గడపుట ఆమెకు వలదని గన్నవరమున విమానమెక్కి చెన్నపట్టణము మీదుగా పోతిమి. అక్కడ మొదటి వింత ప్రొద్దుది. దీవులు మనకు చాల తూర్పున నున్నను గడియారము మనదే గనుక, సాయంకాలము అయిదున్నరకే చీకటి పడును. మా అత్తగారు సంధ్యాదీపము పెట్టి, "ఇంకా టిఫినుల వేళే కాలేదే!" యని నవ్విరి. రెండవ వింత తెలుగు. బజారులో చేపలమ్ము స్త్రీలు శ్రీకాకుళపు యాసతో పిలుచుచుండిరి. 2011 జనాభా లెక్కల ప్రకారము అక్కడ నూటికి సుమారు పదుమువ్వురు తెలుగువారు. సెల్యులర్ జైలు చూచితిమి; 1906లో పూర్తియైన ఏడు కొమ్మల ఆ కట్టడమున ఇపుడు మూడే మిగిలినవి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాను ప్రవాసశిక్ష ననుభవించి, తరువాత 1952లో పార్లమెంటునకు ఎన్నికైనాడని మా ఆడుబిడ్డకు చెప్పగా ఆమె యెఱుగనే యెఱుగదు!

2004 డిసెంబరు 26వ తేది సునామి మాటయు వచ్చినది. నికోబారు కొసనున్న ఇందిరా పాయింటున నేల నాలుగు మీటర్లకు మించి క్రుంగినది. అది వానలు వెలిసిన మంచి కాలముననే, తెల్లవారిన తరువాత వచ్చినది. "దానికి కార్తె లేదు. తుఫానుకుంది గనుక తుఫానును చూసుకుని వచ్చాం" అని మా అత్తగారు మనుమరాలికి అన్నము కలుపుచుండిరి.

దశమినాడు ఉదయము ఒడ్డునకు పోతిమి. నీరు తిన్నగా వచ్చి తిన్నగా పోవుచుండెను. ఆమె చాలసేపు కొబ్బరిచెట్టు మొదట కూర్చుండి, అల యెంతవఱకు వచ్చుచున్నదో ఇసుకలో పుల్లతో గీతలు గీసి చూచుచుండిరి. పోటు తీయుచున్నదని నిశ్చయించుకొనిన పిమ్మట చీర కుచ్చిళ్లు ఎత్తి చెక్కుకొని, మనుమరాలిని చంకనెత్తుకొని, చీలమండల లోతు వఱకు నడచిరి. మూడుమార్లు దోసిట నీరెత్తి విడిచిరి. ఎవరి పేరనో మేమడుగలేదు, ఆమె చెప్పలేదు. పిల్ల మాత్రము ఇంకను లోనికి పోవలెనని మారాము చేయుచుండెను.