పటంలో దొరికిన దారి

1921 జూన్ నెలాఖరున ఇద్దరు ఆంగ్లేయులు టిబెట్‌లోని రోంగ్‌బుక్ లోయలో గుడారాలు వేసుకున్నారు. ఒకరు జార్జి మాలరీ, రెండవవారు గై బుల్లక్. లోయ చివర, మంచు మైదానానికి ఆవల, ఎవరెస్టు శిఖరం నిలువెల్లా కనిపిస్తున్నది. ఆ కొండను టిబెట్ ప్రజలు తరతరాలుగా చోమోలుంగ్మా అని పిలుచుకుంటున్నారు. ఆ లోయలోనే వారి బౌద్ధ మఠం కూడా ఉంది. అయితే కొండ ఎక్కాలన్న కోరికతో అంత దగ్గరికి వచ్చినవారు అంతకు ముందు లేరు.

విచిత్రమేమిటంటే, అప్పటికే ఆ శిఖరం ఎత్తు లోకానికి తెలుసు. దాని దగ్గరికి వెళ్లే దారి మాత్రం ఎవరికీ తెలియదు.

ఎత్తు తెలిసిన కథ మన దక్షిణాదిలోనే మొదలైంది. 1802 ఏప్రిల్‌లో మద్రాసు పక్కన పరంగిమలై దగ్గర విలియం లాంబ్టన్ అనే సర్వే అధికారి ఉక్కు గొలుసుతో సుమారు ఏడున్నర మైళ్ల పొడవున ఒక ఆధారరేఖను కొలిపించాడు. ఆ రేఖ నుంచి త్రిభుజం పక్కన త్రిభుజంగా కొలతలు అల్లుకుంటూ పోయాయి. 1804లో బెంగుళూరు దగ్గర మరో ఆధారరేఖ కొలిచారు. తరువాత పని హైదరాబాదు మీదుగా ఉత్తరానికి సాగింది. లాంబ్టన్ 1823లో మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్ వద్ద ఆ పనిలో ఉండగానే కన్నుమూశాడు. ఆయన తరువాత దానిని నడిపినవాడు జార్జి ఎవరెస్టు. చివరికి 1849, 1850 సంవత్సరాలలో బీహారు మైదానాల నుంచి, నూరు మైళ్లకు పైగా దూరంలో ఉన్న హిమాలయ శిఖరాల వైపు థియోడొలైటును తిప్పి కోణాలు కొలిచారు. రాధానాథ్ సిక్దార్ వంటి గణకులు ఏళ్ల తరబడి లెక్కలు కట్టారు. పదిహేనవ శిఖరం అని గుర్తు పెట్టుకున్న కొండ ఎత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించారు. 2020లో నేపాల్, చైనా దేశాలు కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. ఈ రెండింటికీ తేడా ఇంచుమించు 30 అడుగులే!

కాని దూరం నుంచి కొలిచిన కోణం కొండ కొన ఎక్కడుందో చెబుతుంది. కొన కింద ఉన్న మడతలను అది చెప్పదు. నడిచేవాడికి కావలసినవి ఆ మడతలే.

మాలరీ గొప్ప పర్వతారోహకుడు. ఎవరెస్టుకూ దాని ఉత్తరాన ఉన్న చాంగ్‌ట్సే శిఖరానికీ నడుమ, 7,000 మీటర్లకు పైగా ఎత్తున, ఒక మంచు కనుమ ఉన్నది. దానిపైకి చేరితే అక్కడి నుంచి శిఖరానికి పోవచ్చునని ఆయన తొలి రోజులలోనే గ్రహించాడు. పడమటి వైపు నుంచి ఆ కనుమ ఎక్కడం మంచిది కాదని తోచింది. తూర్పు వైపు దాని కింద ఒక హిమానీనదం ఉండాలి, అది తూర్పుగానే జారి ఖార్తా లోయలో కలుస్తూ ఉండాలి అని ఊహించాడు. ఆ ఊహను పట్టుకొని కొండల చుట్టూ తిరిగి ఖార్తాకు మకాం మార్చాడు. వెతికినా ఆ మంచునది మొగ అక్కడ కనబడలేదు.

నిజానికి అది తూర్పుకు పోవడం లేదు. చాంగ్‌ట్సే వెనుకగా ఉత్తరానికి తిరిగి, ఇరుకు సందులోంచి రోంగ్‌బుక్ లోయలోకే వస్తున్నది. ఆ సందులోంచి పారే వాగును మాలరీ చూశాడు. కాని అంత చిన్న వాగు వెనుక అంత పెద్ద హిమానీనదం ఉంటుందని ఆయనకు తోచలేదు. ఇందులో ఆయనను తప్పుపట్టవలసినది ఎక్కువ లేదు. కొండల్లో కన్ను ఎవరినైనా మోసం చేస్తుంది.

అదే బృందంలో ఆలివర్ వీలర్ అనే కెనడా దేశస్థుడు ఉన్నాడు. భారత సర్వే శాఖలో ఉద్యోగి. ఆయనది శిఖరం ఎక్కే పని కాదు, పటం గీసే పని. పెద్ద కెమెరా, గాజు పలకలు, ముక్కాలిపీట, కొలత పరికరాలు కూలీల చేత మోయించుకుంటూ 20,000 అడుగుల దరిదాపుల ఎత్తున ఉన్న గుట్టల మీదికి ఎక్కేవాడు. మబ్బు కమ్మితే చలిగాలిలో గంటల తరబడి కూర్చునేవాడు. మబ్బు విడిచిన కాసేపట్లో నాలుగు వైపులా చిత్రాలు తీసుకొని దిగేవాడు. మరునాడు ఇంకొక గుట్ట.

ఆ పద్ధతి తెలుసుకోదగినది. ఊళ్లో ఒక మేడ మీద నిలబడి గుడి గోపురం వైపు ఒక గీత గీయండి. దూరంగా ఉన్న రెండవ మేడ మీది నుంచి మరొక గీత గీయండి. రెండు మేడల స్థానాలు కాగితం మీద సరిగా గుర్తించి ఉంటే, గీతలు కలిసిన చోటే గోపురం. చూపు ఎంత పైకెత్తవలసి వచ్చిందో కొలిస్తే దాని ఎత్తు కూడా తేలుతుంది. వీలర్ తన ఛాయాచిత్రాలలోని ఒక్కొక్క రాతికి, ఒక్కొక్క మంచు అంచుకు ఇదే లెక్క. ఇలా ఎత్తులు తేలిన తరువాత, ఒకే ఎత్తు గల చోట్లను కలుపుతూ సమోన్నత రేఖలు గీస్తారు. రేఖలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ ఉంటే అక్కడ నిట్టనిలువు గోడ. విడివిడిగా ఉంటే కాలు మోపి నడవగల వాలు. పర్వతారోహకుడు పటం విప్పగానే వెతికేది ఆ ఎడమే.

ఆగస్టు మొదటి రోజులలో వీలర్ ఆ చిన్న వాగు వెంట లోపలికి పోయాడు. పరికరాలు చెప్పిన దానిని చెప్పినట్టే గీశాడు. ఆ చిత్తు పటం ఖార్తాలో ఉన్న మాలరీకి చేరింది. అందులో తూర్పు రోంగ్‌బుక్ హిమానీనదం స్పష్టంగా ఉన్నది. మాలరీ వెంటనే నమ్మలేదు. ఆగస్టు 18న ల్హాక్పా లా అనే కనుమ ఎక్కి అవతలికి చూసినప్పుడు, తాను వెతుకుతున్న మంచునది కిందనే పరచుకొని ఉన్నది.

సెప్టెంబరు 24న మాలరీ, బుల్లక్, వీలర్ ముగ్గురూ కూలీలతో కలిసి ఉత్తర కనుమకు చేరుకున్నారు. గాలి నిలవనివ్వలేదు. వెనుదిరిగారు. వీలర్ కాళ్లు చలికి తిమ్మిరెక్కి స్పర్శ కోల్పోయాయి. ఆ రాత్రి గుడారంలో మాలరీ చాలాసేపు ఆయన కాళ్లను రుద్దుతూ కూర్చున్నాడు.

ఆ ఏడు తయారైన పటం వీలర్ ఒక్కడిది కాదు. హెన్రీ మోర్స్‌హెడ్‌తో పాటు లాల్‌బీర్ సింగ్ థాపా, గుజ్జర్ సింగ్, తురుబాజ్ ఖాన్ అనే భారతీయ సర్వేయర్లు కొత్త ప్రాంతాలు కొలిచారు. ఎవరెస్టు పుస్తకాలలో మాలరీ పేరు పుట పుటకూ కనిపిస్తుంది. వీరి పేర్లు వెతికితే గాని దొరకవు.

తరువాత మరింత మంచి పటాలు వచ్చాయి. 1957లో ఎర్విన్ ష్నైడర్ పటం సెంటీమీటరుకు 250 మీటర్ల లెక్కన అచ్చయింది. 1984లో విమానం నుంచి తీసిన చిత్రాలతో బ్రాడ్‌ఫర్డ్ వాష్‌బర్న్ 1988లో ఇంకొక పటం వెలువరించాడు. మంచు కూడా మారిపోతున్నది. 1921 నాటి ఛాయాచిత్రాలు తీసిన చోటనే నిలబడి మళ్లీ చిత్రాలు తీసినవారికి రోంగ్‌బుక్ మంచు బాగా దిగిపోయి కనిపించింది.

దారి మాత్రం అదే. 1922లోనూ, తాను తిరిగి రాని 1924లోనూ మాలరీ ఆ వాగు సందులోంచే వెళ్లాడు. 2014 మే నెలలో తెలంగాణ ప్రాంతపు గురుకుల పాఠశాలల విద్యార్థులు ఇద్దరు, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్, టిబెట్ వైపు నుంచి బయలుదేరారు. అప్పటికి పూర్ణకు పధ్నాలుగేళ్లు నిండలేదు. రోంగ్‌బుక్ లోయలోని శిబిరం విడిచి, చాంగ్‌ట్సే వెనుకకు తిరిగి, తూర్పు రోంగ్‌బుక్ మంచు మీదుగా ఉత్తర కనుమకు ఎక్కారు. మే 25న శిఖరం మీద నిలిచారు.