ఇక చాలునని చెప్పిన పెట్టె

ఏ పనికైనను ఆరంభమెంత ముఖ్యమో ముగింపును అంత ముఖ్యము. హరికథ చివర మంగళహారతి యిత్తురు. పొద్దు గ్రుంకగనే సంతలో దుకాణములు కట్టివేయుదురు. 'ఇక చాలు, ఇండ్లకు పొండు' అని చెప్పు మర్యాదలివి. జపాను దేశమున నొకప్పుడు టెలివిజను సైతము ఇట్టి మర్యాదను పాటించెడిది.

ఆ దేశమున టెలివిజను ప్రసారములు 1953 ఫిబ్రవరి 1వ తేదీన ప్రారంభమయ్యెను. తొలిదినములలో ఆ పెట్టె సామాన్యులకు అందని వస్తువు. కూడళ్ళలో నుంచిన టెలివిజనుల యెదుట జనులు గుంపులుగా నిలిచి కుస్తీపోటీలు చూచెడివారు. 1959లో యువరాజు వివాహమును కన్నులార చూడవలెనని యెందరో దానిని కొనిరి. 1962 నాటికి టెలివిజను రుసుము చెల్లించు కుటుంబములు కోటికి చేరెను.

ఇంటిలో దాని స్థానము 'చానోమా' యను గది. చాపలు పరచిన ఆ గదిలో పొట్టికాళ్ళ బల్లచుట్టును కూర్చుండి ఇంటిల్లిపాదియు భుజించెడివారు. భోజనానంతరము అందరి కన్నులును ఆ పెట్టెవైపే.

రాత్రి బాగుగ ప్రొద్దుపోయిన పిదప ప్రసారము ముగిసెడిది. ఎన్.హెచ్.కె. యను ప్రజాప్రసార సంస్థవారి తెరపై జాతీయపతాకము రెపరెపలాడుచుండగా జాతీయగీతపు బాణీ వినవచ్చెడిది. నిప్పాన్ టెలివిజనువారి తెరపై బొమ్మపావురము రెక్కలు విప్పెడిది. అటుపిమ్మట తెరనిండ తెల్లని చుక్కలు, జోరువాన వంటి చప్పుడు. దానిని జపానువారు 'ఇసుక తుపాను' అనిరి. కేంద్రమునుండి ప్రసారము రానపుడు ఆ యంత్రము ఆకాశమందలి చెదురుమదురు తరంగములనే పట్టి చూపెడిది. విశ్వము పుట్టిన తొలినాళ్ళనుండి మిగిలిన తరంగములును అందు లేశమాత్రము గలవు!

1973 చివర చమురుకొరత ఆ దేశమును పీడించెను. నేనప్పుడు విద్యార్థినై టోక్యో శివారున నొక కుటుంబమువారి ఇంట గది అద్దెకు తీసికొని యుంటిని. ఆ యజమాని కర్మాగారమునుండి రాత్రి 10 గంటలు దాటినగాని వచ్చెడివాడు కాడు. ఆయన భోజనము చేయుచు తెరను చూచెడివాడు. పదునైదేండ్ల కుమారుడును తెరనే చూచెడివాడు. ఒకరి మొగ మొకరు చూచుకొనుట అరుదు.

విద్యుత్తును ఆదా చేయుటకై 1974 జనవరి నుండి ఎన్.హెచ్.కె. 11 గంటలకే ప్రసారము ముగింపసాగెను. ఇతర సంస్థల కార్యక్రమము లింకను సాగుచున్నను, ఆ ఇంటి అవ్వ పతాకము కనబడగనే 'ఓయాసుమి నసాయి' యనుచు తెరకు వంగి నమస్కరించి, మీట త్రిప్పి, పెట్టెపై గుడ్డ కప్పెడిది. 'సుఖముగ నిద్రింపుడు' అని ఆ మాట కర్థము.

ఒకనాటి రాత్రి ఆ నిశ్శబ్దములో కుమారుని గొంతు వినబడెను. కాగితపు తలుపు కీవల నున్న నాకును ప్రతిమాట స్పష్టముగ వినవచ్చెను.

"నాన్నగారూ, నాకు వడ్రంగము నేర్వవలెనని యున్నది."

"ఎన్నాళ్ళనుండి?"

"రెండేండ్లనుండి."

"ప్రతిరాత్రియు నేనిక్కడనే యుంటిని గదా! చెప్పవైతివేమి?"

"టెలివిజను మాటలాడుచుండెను, నాన్నగారూ."

తండ్రి చాలసేపు పలుకలేదు. తరువాత టీ పోసిన చప్పుడు, ఆ వెనుక మెల్లని సంభాషణ. నాకు నిద్ర పట్టువరకును అది ముగియలేదు. ఆ వసంతమున ఆ బాలుడు తండ్రి అనుమతితో పగలు వడ్రంగమును, రాత్రి పాఠశాలలో చదువును సాగింపనారంభించెను.

కాలము మారెను. 1987 అక్టోబరులో ఫుజీ టెలివిజను ఇరువదినాలుగు గంటల ప్రసారమును మొదలిడెను. తక్కినవారును క్రమముగా ఆ దారినే పట్టిరి. 2011 జూలై 24వ తేదీన దేశమున అధికభాగమునందు పాతపద్ధతి ప్రసారములు నిలిచిపోగా, ఇసుక తుపానును ఇండ్లనుండి వెడలిపోయెను. నేటికిని జపానులోని వృద్ధులు ఆ పతాకమును, ఆ పావురమును తలచుకొందురు. వారు తలచుకొనునది బొమ్మలను మాత్రమే కాదు. ఇంటిల్లిపాదియు ఒకేసారి లేచి పడకలు పరచుకొనిన ఆ వేళను.

నేడు మన చేతిలోని తెరకు అర్ధరాత్రి తెలియదు. అది ఎన్నడును నమస్కరించి సెలవు తీసికొనదు. ఆ పెట్టె మనకై చెప్పిన మాటను ఇక మనమే చెప్పుకొనవలెను. చెప్పినచో, ప్రక్కన కూర్చున్నవారు ఏనాటినుండియో దాచుకొనిన మాట మనకు వినబడవచ్చును.