వెండిబొట్టు చిన్నచేప

పిల్లలూ! చిత్తూరులో పలమనేరు బస్సెక్కితే దారిలో బంగారుపాళ్యం వస్తుంది. పేరులో బంగారం ఉన్నది గాని, ఈ ఊరివాళ్ళకు అసలు బంగారం మామిడి. కాపు కాలంలో చుట్టుపట్ల తోటల నుంచి తోతాపురి కాయలు లారీల కొద్దీ తరలిపోతాయి. ఇంకా పడమటికి పోతే మొగిలి, ఆపైన మొగిలి ఘాటు. ఘాటెక్కితే పలమనేరు.

ఇది జీవనది లేని సీమ. కొండల మీద కురిసిన వాన వృథాగా పోకుండా మన పూర్వులు పల్లమున్న చోటల్లా కట్ట పోసి చెరువులు చేశారు. పై చెరువు నిండితే నీరు మొరవ పోతుంది. ఆ నీరు వంకలో పడి కింది చెరువుకు చేరుతుంది. అదీ నిండితే ఆ కింది చెరువుకు. దారానికి పూసలు గుచ్చినట్టు చెరువులన్నీ ఒక గొలుసుగా ఉంటాయన్నమాట. ఈ దారం సంగతి జ్ఞాపకం పెట్టుకోండి. దానితో మనకు పని ఉన్నది.

ఇప్పుడు వానలు పడి నిండిన ఒక చెరువు అంచుకు పోదాం. పెద్దవాళ్ళు ఎవరైనా వెంట ఉండాలి సుమా! పిల్లలు ఒంటరిగా చెరువుకు పోరాదు. తుంగా జమ్మూ మొలిచిన చోట, జానెడు లోతు నీటి పక్కన కదలకుండా నిలబడండి. మీ నీడ నీటి మీద పడకూడదు. కాసేపటికి నీటి పైపొర కిందనే చిన్న వెండిచుక్క ఒకటి తళుక్కుమంటుంది. తరువాత మరొకటి. ఆ చుక్క ఒక చిన్న చేప నడినెత్తి మీది మచ్చ. చూస్తే నుదుట బొట్టు పెట్టుకున్నట్టే ఉంటుంది. కొందరు దానిని మూడో కన్ను అంటారు గాని, అది కన్ను కాదు. అద్దంలాగా వెలుతురును తిప్పికొట్టే కణాలు అక్కడ గుంపుగా ఉండడం వల్ల అలా మెరుస్తుంది.

ఈ చేపల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అప్లోకైలస్. మన దక్షిణాది చెరువుల్లో, కుంటల్లో, వరిమళ్ళ కాలవల్లో వీటి బంధువర్గం అంతా ఉన్నది. 1916లో సుందరరాజ్ అనే మత్స్యశాస్త్రజ్ఞుడు మద్రాసు ప్రాంతపు మంచినీటి చేపలను గురించి రాస్తూ, వీటిలో ఒక పొట్టిరకాన్ని మొదటిసారిగా వర్ణించి, పార్వస్ అని పేరు పెట్టాడు. లాటిను భాషలో ఆ మాటకు చిన్నది అని అర్థం. పేరుకు తగినట్టే అది మీ చిటికెన వేలికి మించదు.

దాని ఆకారం చూడండి. వీపు బల్లపరుపు. నోరు పైకి తిరిగి ఉంటుంది. వీపు మీది రెక్క బాగా వెనక్కు, తోక దగ్గరకు జరిగి ఉంటుంది. ఎందుకో చెప్పగలరా? దాని భోజనం అంతా నీటి పైపొర దగ్గరే గనుక! దోమపిల్లలు నీటిలో పెరుగుతాయి గాని, చాలా రకాల దోమపిల్లలు ఊపిరికోసం నీటి పైకి రాక తప్పదు. వచ్చినవాటిని ఈ చేప గుటుక్కున మింగుతుంది. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని 1897లో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికిందరాబాదులోనే. ఆ దోమకు రెక్కలు రాకముందే దాని పని పట్టే నౌకరు మన చెరువులో జీతం లేకుండా పని చేస్తున్నది!

ఆడచేప గుడ్లను సన్నని పోగులతో నీటిమొక్కలకు అంటిస్తుంది. అంచున ఉన్న గడ్డి అంతా పీకి, చెరువును నున్నగా చేసేస్తే దానికి ఉయ్యాల లేనట్టే.

మరి ఎండాకాలం మాటేమిటి? ఆఫ్రికాలో దీనికి దూరపు చుట్టాలు కొన్ని ఉన్నాయి. కుంట ఎండితే పెద్ద చేపలు చస్తాయి, గుడ్లు మాత్రం ఎండిన మట్టిలో నెలల తరబడి నిద్రపోయి వానకు లేస్తాయి. మన వెండిబొట్టు చేపకు ఆ విద్య రాదు. చెరువు ఇంకిపోతే అది ఏ మడుగులోనో, ఏ వంక గుంటలోనో మిగిలిన నీటిలో తలదాచుకోవాలి. వాన వచ్చి వంక పారినప్పుడు అక్కడినుంచి మళ్ళీ చెరువుకు రావాలి. ఇందాక దారం అన్నానే, అది ఇదే! వంకను పూడ్చి ఇళ్ళు కట్టినా, చెత్త పోసినా, దున్ని పొలంలో కలుపుకున్నా దారం తెగుతుంది. తరువాత చెరువు నిండినా ఈ చేప వచ్చే తోవ ఉండదు.

ఇటువంటి కథే సముద్రం అవతల సుమత్రా దీవిలోనూ జరుగుతున్నది. అక్కడ చిత్తడి అడవులున్నాయి. వేల ఏళ్ళుగా రాలిన ఆకులూ కొమ్మలూ నీటిలో నాని, పొరలు పొరలుగా పేరుకుని ఉంటాయి. ఆ నీరు టీ డికాక్షను రంగులో ఉంటుంది. వాననీటికంటె వంద రెట్లకు పైగా ఆమ్లం! ఏ ప్రాణీ బతకదనుకున్న ఆ నీటిలో దొరికిన ఒక చేపను 2006లో శాస్త్రజ్ఞులు లోకానికి పరిచయం చేశారు. పేరు పీడోసిప్రిస్ ప్రొజెనెటికా. వాళ్ళు కొలిచిన ఒక ఆడచేప, ఈడు వచ్చినదే, 7.9 మిల్లీమీటర్లు ఉన్నది. అంటే ఒక బియ్యపుగింజ పాటి! ఒళ్ళంతా గాజులాగా ఉంటుంది. కరువు వచ్చినా చిన్న నీటిగుంటల్లో బతకగలగడం దాని చిన్నతనం వల్ల వచ్చిన బలం.

కాని మనుషులు కాలవలు తవ్వి ఆ చిత్తడి నీరంతా బయటికి తీసి, ఆయిల్ పామ్ తోటలూ, కాగితపు గుజ్జు చెట్ల తోటలూ వేశారు. ఎండిన ఆకుపొరలకు నిప్పంటుకుంటే ఆరదు. 1997లో, 2015లో అక్కడ రేగిన మంటల పొగ సింగపూరును కూడా కమ్మేసింది. చిన్న గుంట మిగిలితే చాలుననుకునే చేపకు ఆ గుంట కూడా లేకుండా పోయింది. మన వంటింట్లోకి వచ్చే పామాయిలులో కొంత అటువైపు నుంచి వచ్చేదే. పెద్దలు ఈ సంగతి గమనించాలి.

ఇంకొక్క మాట. దోమలకోసం గంబూసియా అనే అమెరికా చేపను 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. అది గుడ్లు పెట్టదు, ఏకంగా పిల్లలనే కంటుంది. త్వరగా పెరిగిపోతుంది. దోమపిల్లలను తింటుంది, నిజమే. కాని ఇతర చేపల గుడ్లను, కప్ప పిల్లలను కూడా తింటుంది. సాటి చేపల రెక్కలు కొరుకుతుంది. ప్రపంచంలో మిక్కిలి హాని చేసే 100 పరాయి జీవుల జాబితాలో దాని పేరున్నది. అందుచేత ఇంట్లో తొట్టిలో పెంచే చేపలను గాని, ఎక్కడినుంచో తెచ్చిన చేపలను గాని చెరువులో వదలకండి. ఇంట్లో చోటు లేకపోతే కొన్నచోటే తిరిగి ఇవ్వండి.

ఈసారి వానలు కురిసి వంకలు పారినప్పుడు, మీ నాయన వెంటనో తాత వెంటనో వెళ్ళి, మీ ఊరి చెరువుకు నీరు ఎటునుంచి వస్తున్నదో, మొరవ నీరు ఎటు పోతున్నదో చూసి రండి. ఒక కాగితం మీద పటం గీయండి. వంక ఎక్కడ పూడిందో అక్కడ ఎర్రని గుర్తు పెట్టండి. ఆ పటం మీ బడిలో ఉపాధ్యాయులకు చూపండి, మీ పంచాయతీ పెద్దలకు చూపండి. వెండిబొట్టు చేప తన సంగతి తాను చెప్పుకోలేదు గదా! దాని తరఫున మాట్లాడడానికి మీరున్నారు.